బెలుం గేటు దగ్గర గుహ అయిపోదు

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో బెలుం గుహల దగ్గరికి వెళ్ళి చుట్టూ చూస్తే, అక్కడ గుహ ఉందని చెప్పే గుర్తు ఏదీ కనపడదు. కొండ లేదు, లోయ లేదు. చదునైన నేల, అందులో నోరు తెరుచుకున్న లోతైన గుంతలు, అంతే. బొర్రా గుహలు చూసినవాళ్ళు కొండ ఎక్కి పెద్ద ద్వారంలోంచి లోపలికి వెళ్తారు కాబట్టి, గుహ అంటే కొండకు సంబంధించిన సంగతి అనుకుంటారు. బెలుంలో అలా కాదు. మెట్లు దిగి నేల కిందికి వెళ్తాం. అక్కడ 3,229 మీటర్ల పొడవున సొరంగాలు కొలిచారు. అందులో కిలోమీటరున్నర దాకా సందర్శకుల్ని తిప్పుతారు. ఆ దారిలో నడుస్తున్నంతసేపూ మన తల మీద ఉన్నది మామూలు నేల. వాన పడితే నీళ్ళు ఇంకే నేల, గడ్డపార దిగే నేల.

చాలామందికి ఇది చిన్న విషయంగా తోస్తుంది. నాకు మాత్రం ఈ ప్రాంతం గురించి మాట్లాడాలంటే ఇక్కడే మొదలుపెట్టాలనిపిస్తుంది. నంద్యాల, కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో పరుచుకున్న ఈ సున్నపురాయి నేలను మనం ముక్కలు ముక్కలుగా పంచుకుని చూస్తున్నాం. గుహ టూరిజం వాళ్ళది. రాయి గనుల శాఖది. కింది నీళ్ళు భూగర్భ జల శాఖవి. పాత ఎముకలు, రాతి పనిముట్లు పురావస్తు శాఖవి. గుడి, కోనేరు దేవాదాయ శాఖవి. భూమి కింద ఈ సరిహద్దులేవీ లేవు. ఒక పగులు ఇంకో పగులులో కలుస్తుంది, ఒక చేలో ఇంకిన నీళ్ళు ఇంకో ఊరి బావిలో తేలతాయి. గుహను కాపాడామని చెప్పాలంటే దాని గేటుకు తాళం వేస్తే చాలదు. దాని మీదున్న నేలనూ ఆ నేలలోకి దిగే నీటినీ కాపాడాలి. ఆ పని ఈ రోజు ఎవరూ చేయడం లేదు, ఎందుకంటే అది ఏ ఒక్క శాఖ పనీ కాదు.

ఈ రాయి ఎక్కడిదో ముందు చెప్పాలి. కడప బేసిన్ అని భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే విశాలమైన పల్లంలో ఒకప్పుడు నిస్సారమైన సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి నార్జి సున్నపురాయి అయింది. బెలుం గుహలు ఉన్నది ఈ రాతి వరుసలోనే. దాని మీద అవుకు షేల్ (బురద గట్టిపడి పలకలుగా విడిపోయే రాయి), దాని మీద పాణ్యం క్వార్ట్‌జైట్ (బాగా గట్టిపడిన ఇసుకరాయి), ఆపైన కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటికన్నా పైన నంద్యాల షేల్ వస్తాయి. పేర్లు చూడండి: అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. మనం బస్సు దిగే ఊళ్ళే పుస్తకాల్లో రాతి పొరలుగా ఉన్నాయి. ఈ రాళ్ళ వయసు మీద అంచనాలు అరవై కోట్ల ఏళ్ళ నుంచి వంద కోట్ల ఏళ్ళ దాకా తిరుగుతున్నాయి. ఏ అంచనా తీసుకున్నా, గవ్వలూ నత్తలూ పగడాలూ భూమి మీదికి రాకముందటి రాయి ఇది. సున్నపురాయి అంటే గుల్లలు పోగుపడి తయారైందని బడిలో చదువుకున్నాం. ఇక్కడ ఎంత వెతికినా గుల్ల కనపడదు. సూక్ష్మజీవుల పొరలూ సముద్రపు నీటి రసాయనమూ కలిసి చేసిన రాయి ఇది.

అంత పాత రాయిలో గుహలను తొలిచింది వాన. వాన నీరు గాలిలోంచి కొద్దిగా, మట్టిలోంచి చాలా ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలుచని ఆమ్లం అవుతుంది. మట్టిలో ఆ వాయువు ఉండేది వేళ్ళూ సూక్ష్మజీవులూ ఊపిరి తీసుకుంటాయి కాబట్టి. ఆ నీరు పగుళ్ళలోకి దిగి రాతిని కొంచెం కొంచెంగా కరిగించి పట్టుకుపోతుంది. అదే నీరు ఖాళీ గుహ కప్పు నుంచి చుక్కగా వేలాడినప్పుడు వాయువును వదిలేస్తుంది, కరిగిన సున్నం చుక్క చుట్టూ గట్టిపడుతుంది. కప్పు నుంచి దిగే రాతి ఊడలు, నేల నుంచి లేచే స్తంభాలు అలా పెరిగినవే. చాలా చోట్ల వాటి పెరుగుదల ఏడాదికి మిల్లీమీటరులో చిన్న వంతే. గుహ ఏర్పడటానికీ గుహలో ఊడ పెరగడానికీ కావలసింది ఒకటే, పైన బతికున్న మట్టి. మట్టిని గీకేసి, చెట్టు కొట్టేసి, కింద గుహను మాత్రం ఉంచుతామంటే కుదరదు. అక్కడ మిగిలేది పని ఆగిపోయిన ఖాళీ స్థలం.

బెలుం గోడలు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. చాలా చోట్ల అవి నున్నగా ఉంటాయి. కప్పులో గుండ్రటి గోపురాలు కనిపిస్తాయి. దారులు రాతి పగుళ్ళ గీతలు పట్టుకుని సాగి, ఒకదాన్నొకటి కోసుకుంటూ వల అల్లినట్టు పోతాయి. పై నుంచి పారిన వాగు కోసిన గుహ అయితే ఇలా ఉండదు. ఈ దారులన్నీ నిండా మునిగి ఉన్నకాలంలో నీరు నాలుగు పక్కలా రాతిని కరిగించింది. తర్వాత నీటి మట్టం దిగిపోయింది, సొరంగాలు ఖాళీ అయ్యాయి. ఇప్పుడు నీరు కనపడేది అట్టడుగున, ప్రవేశ ద్వారానికి సుమారు 46 మీటర్ల కింద ఉన్న పాతాళగంగ దగ్గర. సన్నటి పాయగా వచ్చి మళ్ళీ రాతిలోకి దూరిపోతుంది. అది బెలుం ఊరి బావిలోకి పోతుందని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ మాట నాకు చాలా ముఖ్యం, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

బెలుం గురించి రాసేవాళ్ళు తప్పకుండా చెప్పేది, దేశంలో రెండో పొడవైన గుహ అని. ఆ గొప్ప మనకు అక్కర్లేదు. మేఘాలయలో కొలిచిన సున్నపురాయి గుహలు దీన్ని ఎప్పుడో దాటిపోయాయి. అక్కడి క్రెమ్ లియాట్ ప్రా ఒక్కటే ముప్పై కిలోమీటర్లకు పైన ఉంది. మనం మేఘాలయ నుంచి నేర్చుకోవలసింది పొడవు సంగతి కాదు. సొహ్రా (చిరపుంజి) దగ్గర మామ్లూ గుహలోని ఒక రాతి స్తంభాన్ని పొరలు పొరలుగా చదివి, 4,200 ఏళ్ళ కిందట రుతుపవనాలు ఎలా బలహీనపడ్డాయో శాస్త్రవేత్తలు రాబట్టారు. 2018లో భూమి చరిత్రలోని తాజా అధ్యాయానికి మేఘాలయన్ యుగం అని అంతర్జాతీయంగా పేరు పెట్టింది ఆ ఆధారంతోనే. ఒక్క రాతి ముక్క ప్రపంచ కాలమానంలోకి ఎక్కింది. కరువుతో పుట్టి కరువుతో పెరిగిన రాయలసీమలో, గతంలో వానలు ఎలా కురిశాయో రాసిపెట్టుకోగల రాళ్ళు గుహల్లో ఉన్నాయి. వాటి మీద మనం రంగురంగుల లైట్లు వేశాం. ఆ వెలుతురులో, ఆ వేడిలో నాచు పట్టి రాతి పైపొర పాడవుతుందని ప్రపంచంలో గుహలు నడిపే ప్రతి చోటా తెలిసిన విషయమే. ఎరుపు, నీలం, ఆకుపచ్చ కాంతి లేకపోతే జనం రారనుకోవడం జనాన్ని తక్కువ చేయడమే. మామూలు చల్లటి దీపం, మనిషి వచ్చినప్పుడు వెలిగి వెళ్ళాక ఆరిపోయేది చాలు.

ఇక్కడి మనుషులకు ఈ గవులు, అంటే గుహలు, ఎప్పటి నుంచి తెలుసు అని అడిగితే, జవాబు కోసం బేతంచెర్ల దగ్గరున్న బిల్లసుర్గం వెళ్ళాలి. 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ ఈ గుహల్లో ఎముకలున్నాయని రాశాడు. నలభై ఏళ్ళ తర్వాత, 1884 ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వకాలు జరిపారు. చెన్నై దగ్గరి పల్లావరంలో 1863లో పాత రాతియుగపు గొడ్డలిని గుర్తించిన ఫుట్ ఈయనే, బెలుం గురించి మొదట రాసిందీ ఈయనే. బిల్లసుర్గంలో దొరికిన ఎముకలను 1886లో శిలాజ శాస్త్రవేత్త రిచర్డ్ లిడెక్కర్ వర్ణించి, అందులో ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరు కలిపి పెట్టాడు. కర్నూలు పేరు మీద ఒక ఖడ్గమృగం! ఈ జిల్లాల్లో చదువుకున్న పిల్లలకు ఈ ముక్క ఏ తరగతిలోనూ చెప్పకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అంతకన్నా పెద్ద సంగతి 2014లో బయటికొచ్చింది. బిల్లసుర్గం పొరలకు కాలం లెక్కగట్టి, ఎముకలను మళ్ళీ పరిశీలించిన బృందం, గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు కనీసం లక్ష ఏళ్ళ నుంచి, కొన్నయితే రెండు లక్షల ఏళ్ళ నుంచి ఈ ఉపఖండంలో ఇప్పటికీ బతికే ఉన్నాయని తేల్చింది. అమెరికాల్లో, ఆస్ట్రేలియాలో పెద్ద జంతువులు మూకుమ్మడిగా అంతరించిన కాలంలో ఇక్కడివి నిలబడ్డాయి. కొన్ని చోట్ల కనుమరుగయ్యాయి, కొన్ని చోట్లు మార్చుకున్నాయి, కానీ మొత్తంగా మిగిలాయి. మంచు యుగాలు వచ్చిపోయాయి, రుతుపవనాలు ఎన్నోసార్లు తారుమారయ్యాయి, మనుషులూ వచ్చారు. అయినా మిగిలాయి. రెండు లక్షల ఏళ్ళు తట్టుకున్న జాబితాలోంచి ఎన్ని పేర్లు మన తరంలో కొట్టేస్తామన్నది ఇప్పుడు మన చేతిలో ఉంది.

బనగానపల్లె పక్కన జుర్రేరు లోయలో జ్వాలాపురం ఉంది. సుమత్రా దీవిలో సుమారు 74 వేల ఏళ్ళ కిందట టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు లేచిన బూడిద సముద్రం దాటి వచ్చి ఇక్కడ పడింది. వాన నీళ్ళు దాన్ని లోయలోకి ఈడ్చుకొచ్చి కొన్ని చోట్ల మనిషి ఎత్తుకు మించి పోగుచేశాయి. పురావస్తు శాస్త్రవేత్తలు రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం ఆ బూడిద కిందా పైనా మనుషులు వాడిన రాతి పనిముట్లు దొరికాయని, రెండూ ఒకే తీరుగా ఉన్నాయని 2007లో ప్రకటించింది. అంటే ఆ విపత్తు తర్వాత కూడా ఈ లోయలో మనుషులు కొనసాగారని వాళ్ళ వాదన. పనిముట్లు చేసింది ఎలాంటి మనుషులన్న దాని మీద చర్చ ఇంకా నడుస్తోంది, నడవాలి కూడా. అదే లోయలోని ఒక రాతి చావడిలో 35 వేల ఏళ్ళ నాటి నుంచి చిన్న చిన్న రాతి బిళ్ళల పనిముట్లు వరుసగా దొరికాయి. ఇంకో చోట, ముచ్చట్ల చింతమాను గవిలో, ఎం.ఎల్.కె. మూర్తి తవ్వకాల్లో ఎముకతో చేసిన పనిముట్లు, పొయ్యి ఆనవాళ్ళు బయటపడ్డాయి. దాని వయసు సుమారు 17 వేల ఏళ్ళు.

మనుషులు ఇక్కడే ఎందుకు ఉన్నారు? నీళ్ళ కోసం అంటాను. సున్నపురాయి నేల మీద వాగులు నిలవవు. వాన పడిన నీరు పగుళ్ళలోకి జారిపోతుంది, ఎండాకాలం పైనంతా బోసిగా ఉంటుంది. కానీ కొండ అడుగున, రాతి పొర మారేచోట అదే నీరు ఊటగా బయటికి వస్తుంది. చుట్టూ ఎండిపోయినప్పుడు జంతువులూ మనుషులూ చేరేది అక్కడికే. నీడకు గవి, పనిముట్లకు గట్టి రాయి, దగ్గర్లో ఊట.

యాగంటి ఈ కథలో ఎక్కడో దూరంగా లేదు, మధ్యలోనే ఉంది. ఉమామహేశ్వరుడి గుడి, దాని పక్కన కొండలోంచి వచ్చే నీటితో నిండే పుష్కరిణి, పైన అగస్త్యుడి పేరు మీద, వెంకటేశ్వరుడి పేరు మీద గుహలు. విజయనగర రాజుల కాలంలో గుడి కట్టారు. అంతకు ముందే అక్కడ ఊట ఉంది. ఊట లేకపోతే గుడి లేదు. బనగానపల్లె దగ్గర రవ్వలకొండ గుహలో కూర్చుని పోతులూరి వీరబ్రహ్మంగారు కాలజ్ఞానం రాశారని జనం నమ్ముతారు. యాగంటి బసవన్న పెరుగుతున్నాడని, కలియుగాంతాన రంకె వేస్తాడని చెప్పుకుంటారు. ఈ నమ్మకాలను పక్కకు నెట్టి భూగర్భ శాస్త్రం చెప్పాలనుకునే వాళ్ళతో నేను ఏకీభవించను. ఈ నేలలో జనం గుహలనూ ఊటలనూ పాడుచేయకుండా ఉంచిన చోట్లు ఎక్కువగా దేవుడి పేరున్న చోట్లే. దేవుడి పేరు లేని బెలుం మీద, టూరిజం రాకముందు, చుట్టుపక్కల వాళ్ళు చెత్త పోసేవారు. భక్తిని వాడుకుని కాపాడుకుందామని కాదు నేననేది. కోనేటి నీరు ఆలయ ప్రాంగణంలో పుట్టదు, కొండ మీద పడిన వానే కోనేరు. భక్తులు కోనేటిని పవిత్రం అనుకుంటే ఆ కొండ కూడా అంతే పవిత్రం కావాలి. అదేం కొత్త మాట కాదు, గిరి ప్రదక్షిణ చేసేవాళ్ళకు తెలిసిన మాటే.

ఇప్పుడు రాయి మీద బతికేవాళ్ళ సంగతి. ఇది దాటేసి రాసే వ్యాసాలంటే నాకు గౌరవం లేదు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల చుట్టూ నాపరాయి తీయడం, కోయడం, పాలిష్ పట్టడం వేల కుటుంబాల తిండి. ఈ రాయి పొరలు పొరలుగా లేస్తుంది కాబట్టి ఉలి, సుత్తి, గడారితోనే పలకలు తీసిన కాలం ఉంది. ఆ పలకలే ఇంటి నేల, ఇంటి గోడ, బండల మిద్దె పైకప్పు, పశువుల కొట్టం, పొలం గట్టున నిలబెట్టిన కంచె. ముక్కలు పోతే బట్టీలో కాల్చి సున్నం. ఆ సున్నాన్ని గానుగలో ఇసుకతో నూరి కట్టిన గోడలు ఇప్పటికీ ఉన్నాయి. మట్టి తక్కువ, కలప తక్కువ ఉన్న చోట రాయితో ఇంత పని చేసుకున్న తెలివికి నేను దండం పెడతాను. నాపరాయి గని కూడా ఈ నేల చరిత్రలో భాగమే, గుహ ఎంత భాగమో అంత.

సిమెంటు వేరే లెక్క. టన్ను క్లింకరుకు (పొడి చేస్తే సిమెంటు అయ్యే కాల్చిన గడ్డలకు) సుమారు టన్నున్నర సున్నపురాయి కావాలి. దాన్ని 1,450 డిగ్రీల దాకా వేడిచేయాలి. వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలోకి పోతుంది. ఇంధనం పొగ దీనికి అదనం. పురాతన సముద్రం పట్టి దాచిన వాయువును మనం తిరిగి వదులుతున్నాం. సిమెంటు లేకుండా ఇళ్ళు, ప్రాజెక్టులు, ఆసుపత్రులు కట్టలేం, అది నాకు తెలుసు. రాయలసీమకు ఫ్యాక్టరీలు కావాలి, ఉద్యోగాలు కావాలి, అదీ ఒప్పుకుంటాను. నేను గనులన్నీ మూసేయమని అడగడం లేదు. కింద ఏముందో చూడకుండా తవ్వకండి అంటున్నాను. పలకల గని పైపొరలు తీసి ఆగుతుంది. సిమెంటు గని నీటి మట్టం దాకా, కొన్నిసార్లు దాని కిందికీ దిగి, చేరిన నీళ్ళను తోడేస్తూ సాగగలదు. మామూలు రాతి నేలలో దాని ప్రభావం చుట్టుపక్కల బావులతో ఆగవచ్చు. సున్నపురాయిలో ఎంత దూరం పోతుందో మ్యాపు లేకుండా ఎవరూ చెప్పలేరు.

ఎందుకు చెప్పలేరంటే, ఇసుక నేలలో నీరు వడపోత బట్టలోంచి దిగినట్టు మెల్లగా, శుభ్రపడుతూ దిగుతుంది. సున్నపురాయిలో అది పైపులో పారినట్టు పోతుంది. రోజుకు కొన్ని వందల మీటర్లు, కొన్ని చోట్ల కిలోమీటర్లు. మురికి కూడా అంతే వేగంగా పోతుంది, మధ్యలో వడకట్టేది ఏదీ లేదు. ఒక ఊరి డంపింగ్ యార్డు, ఒక కోళ్ళ ఫారం, గని గుంతలో నిలిచిన మురుగు, ఇవన్నీ ఇంకో ఊరి మంచినీళ్ళు కాగలవు. భూగర్భ జలాల లెక్కలు మనం మండలాల వారీగా వేసుకుంటాం. మండలం సరిహద్దు కార్స్ట్ (ఇలా నీటికి కరిగి గుల్లబారిన సున్నపురాయి నేల) నీటికి తెలియదు. గని చుట్టూ పది కిలోమీటర్ల వలయం గీసి ప్రభావం రాసే పద్ధతి కూడా అంతే, నీరు వలయాలుగా పారదు, పగుళ్ళ వెంట పారుతుంది.

ఈ నిర్లక్ష్యం ఎటు తీసుకుపోతుందో 2015 చివర్లో కడప పక్కన చింతకొమ్మదిన్నె మండలం చూపించింది. ఏళ్ళ తరబడి వానలు లేక బోర్లు లోతుకు పోయి నీటి మట్టం పడిపోయింది. ఆ నవంబరులో భారీ వర్షాలు పడ్డాయి. వానల తర్వాత పొలాల్లో, ఇళ్ళ దగ్గర నేల ఉన్నట్టుండి గుండ్రంగా కుంగిపోయి పెద్ద పెద్ద గుంతలు పడ్డాయి. జనం రాత్రిళ్ళు నిద్రలేకుండా గడిపారు. ఊళ్ళో ఎవరి ఇంటి కింద ఏముందో తెలియని టెన్షన్ అది. జరిగింది అంతుచిక్కని వింత కాదు. కింద సున్నపురాయిలో ఖాళీలు ఉన్నాయి. వాటి నిండా నీరున్నంత కాలం ఆ నీరు పైకప్పుకు కొంత ఆసరా ఇస్తుంది. నీటిని తోడేస్తే ఆసరా పోతుంది. పైన మట్టి వానకు నాని బరువెక్కుతుంది, మెల్లగా ఖాళీలోకి జారుతుంది, చివరికి పైపొర ఒక్కసారిగా కూలుతుంది. ప్రపంచంలో చాలా సున్నపురాయి నేలల్లో ఇలాగే జరుగుతుంది. కరువు, తోడకం, ఆపైన కుండపోత: ఈ మూడూ వరుసగా రావడం రాయలసీమకు ఇక ముందూ తప్పదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1958 నాటి పురాతన కట్టడాల చట్టంలో గుహ అన్న మాట ఉంది. చారిత్రక, పురావస్తు, కళాపరమైన ప్రాముఖ్యం ఉండి, వందేళ్ళ కన్నా పాతదైతే రక్షణ ఇవ్వొచ్చు. అంటే మనిషి అందులో ఏదో చేసి ఉండాలి. కోట్ల ఏళ్ళ రాయి, లక్షల ఏళ్ళ నీటి పని, రెండు లక్షల ఏళ్ళ ఎముకలు, చీకట్లో కళ్ళు లేకుండా బతికే సూక్ష్మమైన రొయ్య జాతి జీవులు, ఇవి ఆ చట్టం భాషలో ఇమడవు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో వై. రంగారెడ్డి గారు ఏళ్ళ తరబడి బావుల నీళ్ళూ గుహల నీళ్ళూ జల్లెడ పట్టి ఇలాంటి జీవుల్లో సైన్సుకు కొత్తవైన జాతులను నమోదు చేశారు. మన నేల కింద మరెక్కడా లేని ప్రాణులు ఉన్నాయన్నమాట. 2022 డిసెంబరులో కేంద్ర గనుల శాఖ భూవారసత్వ స్థలాల రక్షణ కోసం ఒక ముసాయిదా బిల్లు విడుదల చేసింది. ఆలోచన మంచిదే. కానీ స్థలం అన్నప్పుడు మళ్ళీ గేటు, కంచె, బోర్డు గుర్తుకొస్తాయి. సున్నపురాయి నేలలో స్థలం అంటే పరీవాహక ప్రాంతం అని రాసుకోకపోతే ఎంత మంచి చట్టమైనా గుహ నోటినే కాపాడుతుంది.

ఇప్పుడు బెలుం ఊరి బావి దగ్గరికి వద్దాం. పాతాళగంగ ఆ బావిలోకి పోతుందన్న మాట నిజమో కాదో తేల్చడం కష్టమైన పని కాదు. 1877లో జర్మనీలో ఇలాంటి తగాదానే వచ్చింది. డాన్యూబ్ నది ఒకచోట నేలలోకి ఇంకిపోయేది, పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఆఖ్ అనే చోట పెద్ద ఊట ఉండేది. నీళ్ళు ఎవరివన్న విషయంలో ఫ్యాక్టరీల వాళ్ళకు గొడవ. నది ఇంకేచోట పది కిలోల ఫ్లోరెసిన్ రంగు కలిపారు. మూడు రోజులు తిరక్కుండానే ఊట పచ్చగా పారింది. తగాదాలో ఊహలకు చోటు లేకుండా పోయింది. ఆ తర్వాత రంగు కలిపి నీటి దారి కనుక్కోవడం ప్రపంచమంతా వాడే పద్ధతి అయింది. ఇప్పుడు కంటికి కనపడనంత తక్కువ రంగు చాలు, తాగే నీళ్ళకు హాని లేని పరిమాణంలో వేసి పరికరంతో పట్టుకోవచ్చు. బెలుంలో, యాగంటిలో, బిల్లసుర్గం చుట్టూ ఈ పని చేసి, ఫలితాన్ని ఊళ్ళ పేర్లతో సహా తెలుగులో ప్రకటించాలి. ఊళ్ళో ముసలివాళ్ళు చెప్పిన దారులు ముందు పరీక్షించాలి, ఎందుకంటే తరాలుగా బావి నీటి రంగు, రుచి మారడం గమనించింది వాళ్ళే.

ఇంకొకటి, డబ్బు పెద్దగా అక్కర్లేనిది. ఈ నేల కింద ఖాళీలు ఎక్కడున్నాయో ఇప్పటికే చాలామందికి తెలుసు. బోరు బండి నడిపేవాళ్ళకు తెలుసు: రాయి తొలుస్తూ తొలుస్తూ రాడ్డు ఒక్కసారిగా జారిపోతే కింద ఖాళీ ఉన్నట్టే. ఒక బోరులో నీళ్ళు ఎగజిమ్మి, పక్క బోరులో దుమ్ము మాత్రమే లేస్తే అక్కడ పగులు ఎటు పోతుందో వాళ్ళు అంచనా వేయగలరు. గనుల వాళ్ళకు ఇంకా బాగా తెలుసు. లీజుకు ముందు రాయి నాణ్యత చూడటానికి వరుసగా రంధ్రాలు వేసి, ప్రతి అడుగులో ఏం దొరికిందో రాసుకుంటారు. ఖాళీ తగిలితే అదీ రాసి ఉంటుంది. ఆ కాగితాలు ఒకచోట పరిస్తే ఈ ప్రాంతం కింది పటం సగం తయారైనట్టే. నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం రాష్ట్రం చేసిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, బోర్లకు అనుమతి, బోరు బండ్లకు రిజిస్ట్రేషన్ ఆ చట్టం అడుగుతుంది. బోరు వేసినప్పుడు ఏ లోతులో రాయి, ఏ లోతులో ఖాళీ, ఏ లోతులో నీరు అన్న మూడు గడులు ఆ దరఖాస్తుకు కలిపి, నింపిన కాగితాన్ని పంచాయతీలో పెడితే చాలు.

కొత్త సున్నపురాయి లీజుల కోసం ప్రజాభిప్రాయ సేకరణ సభలు జరుగుతూనే ఉంటాయి. అక్కడ మైకు పట్టుకునే రైతులు ఎక్కువగా దుమ్ము గురించి, పేలుళ్ళకు ఇళ్ళు బీటలు వారడం గురించి, ఉద్యోగాల గురించి అడుగుతారు. అవన్నీ అడగాల్సినవే. వాటితో పాటు, మీరు వేసిన రంధ్రాల లాగ్‌లు (ఏ లోతులో ఏం తగిలిందో రాసుకున్న కాగితాలు) ఈ సభ ముందు పెట్టండి, ఎన్నిటిలో ఖాళీలు తగిలాయో చెప్పండి, ఆ ఖాళీల నీళ్ళు ఏ ఊటకు పోతాయో రంగు వేసి చూశారా అని కూడా అడగాలి. సర్పంచులకు, నీటి సంఘాల వాళ్ళకు, ఈ ప్రాంతంలో పనిచేసే సైన్సు టీచర్లకు నా విన్నపం ఇదే. అడిగిన ప్రశ్న సభ మినిట్స్‌లో నమోదు కావాలి. జవాబు రాకపోతే అదీ నమోదు కావాలి.